గుడ్డు తీసేసిన తర్వాత

కర్నూలులో నువ్వు చేసే ఉద్యోగమేందప్పా అని చుట్టాలు అడిగితే "కణాలకు అన్నం పెడతా" అంటాను. అబద్ధమేం కాదు. సంతానం కోసం వచ్చినవాళ్ల అండాశయంలోంచి గుడ్లు తీసుకున్నాక మిగిలిన ద్రవాన్ని ఆస్పత్రిలో పారబోస్తారు. వాళ్లు ఒప్పుకుంటే అది మా ల్యాబుకొస్తుంది. గుడ్డును సాకిన కణాలు అందులో ఉంటాయి. వాటిని గిన్నెల్లో పెంచి, కొన్నింటికి వృద్ధి కారకమనే ప్రోటీను కలుపుతాం, కొన్నింటికి కలపం. ఏవి ఎంత హార్మోను చేస్తాయో కొలుస్తాం.

ఒకసారి వచ్చినవి మా వదినవి. గొట్టం మీద పేరుండదు, అంకె మాత్రమే. కానీ ఆ పొద్దు గుడ్లు తీయించుకున్నది ఆమె ఒక్కతే, ఆ గది బయట కూచుని కాఫీ తాగింది నేనే. గోప్యతలో మా పద్ధతి అంత గట్టిది.

తర్వాత వదిన కడుపులో పెట్టిన పిండం నిలవలేదు. "ఆ పిల్ల ఒళ్లే అంత. ఓర్వకల్లు బండల్లో విత్తనమేసినట్ల" అనింది మా అమ్మ, వదినకు వినబడేటట్లే. ఇంకోసారి చూద్దామని అన్న పోరు.  ఒక మధ్యాహ్నం వదిన ల్యాబుకొచ్చింది.

"నావి బతికుండాయా అప్పా?"

కారకం వేసిన గిన్నెను మైక్రోస్కోపు కింద పెట్టాను. కణాలు ఒకదాన్నొకటి ఒరుసుకుని నిండుగా ఉన్నాయి.

"ఏం చేస్తాండాయి?"

"కడుపు నిలబడేదానికి కావాల్సిన హార్మోను. శానా చేస్తాండాయి వదినా. కారకం లేనివి కూడా కొంచెం చేస్తాండాయి."

"ఎవరి కోసం?"

ఆమె చూస్తుండగా ఫోకసు సరిచేశాను. 

"గుడ్డు తీసేసినారని వీటికి తెలీదా?"

"తెలీదు. మేము పోసేది అందినన్నాళ్లు చేస్తానే ఉంటాయి."

ఆమె మైక్రోస్కోపు మీంచి కన్ను తీయలేదు. వదినవాళ్లది కడప పక్క నేత కుటుంబం.

"మగ్గం మీంచి చీర దిగినాక పడుగు పోగులన్నీ కోసేయరప్పా. కొసలు మగ్గానికే వదిలి, కొత్త పోగులు వాటికే అతుకుతారు. మా నాయన నేత మానుకున్యాక కూడా ఆ కొసలు కోయనీలేదు. లేస్తానే మా అమ్మ వాటి దుమ్ము దులిపేది. నేసేవాళ్లు లేరు, అతికేవాళ్లు లేరు." తల పైకెత్తింది. "ఆ దుమ్ము నేను దులపలేను. ఇంగ సూదులొద్దని మీ అన్నకు నేనే చెప్తా. వీటిని నువ్వు ఆపు."

ఇచ్చిన కణాలను ఎప్పుడైనా వద్దనే హక్కు ఆమెకుంది. ఆమె గిన్నెలన్నిటిలో బ్లీచింగు పోశాను. ఆమె పక్కనే నిలబడింది.

"అయిపాయెనా?"

"అయిపాయె."

చున్నీ సర్దుకుని ఆటో ఎక్కింది.

మరుసటి రోజు కణాలకు పోసే ద్రవం మార్చే వేళకు చెయ్యి దానంతటదే ఇంక్యుబేటరు తలుపు తీసింది. ఆమె గిన్నెలుండిన అర ఖాళీ. లోపల మనిషి ఒంట్లో ఉండేంత వెచ్చదనం, ఎప్పటి మాదిరే. తలుపు మూయడానికి కొంచెం సేపు పట్టింది.