కందిచేనులో దాక్కున్న ఇద్దరం

ఎమర్జెన్సీ రోజుల్లో మా నారాయణఖేడ్ వైపు ఊళ్లలో జీపు చప్పుడు వినబడితే చాలు, మగవాళ్లు చేలల్లో పడి పరుగెత్తేవాళ్లు. పట్టుకుపోయి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తారని భయం. ఒకరోజు అలా వచ్చిన జీపులోంచి నర్సమ్మ దిగి, కడుపుతో ఉన్న ఆడవాళ్లకు సూది వేస్తానంది. మగవాళ్లు దొరకడం లేదని ఇక మా మీద పడ్డారనుకుంది మా అత్త.

"గా సూది ఏసుకున్నరంటే ఇగ మల్ల కాన్పు గాదు. జల్దీ ఉరుకుండ్రి" అని నన్నూ, మా యారాలినీ పెరటి దారిన తోసింది. యారాలంటే మా బావ భార్య. ఆమెకు ఆరో నెల, నాకు ఐదో నెల. ఇద్దరికీ తొలిచూలే. కంది పూత మీద ఉంది, మనిషి ఎత్తు పెరిగింది. జీపు వెళ్లేదాకా అందులో కూర్చుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం. సర్కారునే బోల్తా కొట్టించామని నా గర్వం ఇంతా అంతా కాదు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే తన్నుకోవాలనిపిస్తుంది.

యారాలికి కొడుకు పుట్టాడు. బొడ్డు కొడవలితో కోసి, అలవాటు ప్రకారం బూడిద అద్దారు. ఆరో రోజు పొద్దున వాడు పాలు తాగలేదు. రొమ్ము అందిస్తే పెదవులు బిగిసి ఉన్నాయి. చెంబు కిందపడిన చప్పుడుకే ఒళ్లంతా విల్లులా వంగిపోయింది. దవాఖానకు తీసుకెళ్లారు. ఎనిమిదో రోజు పోయాడు. ధనుర్వాతం అన్నాడు డాక్టరు. కడుపుతో ఉన్నప్పుడు తల్లి సూదులు వేసుకుని ఉంటే ఇంతదాకా వచ్చేది కాదనీ అన్నాడు.

నాకప్పుడు ఎనిమిది నెలలు నిండాయి. లోపల బిడ్డ కదిలినప్పుడల్లా సంతోషానికి బదులు భయమేసేది. మూడో నాడు అత్త నా చెప్పులు తెచ్చి ముందర పడేసింది. "నడువ్" అంది, అంతే. నన్ను ఖేడ్ దవాఖానకు తీసుకుపోయింది.

అక్కడ ఉన్నది ఆ నర్సమ్మే. నా జబ్బకు సూది వేసింది. "గప్పుడే ఏసుకుంటే ఏం బోయింది? నెలకు ఇంకోటి ఏసుకోవాలె. ఒక్కదాంతోని పూరా భరోస లేదు. బొడ్డు మాత్రం కొత్త బ్లేడును ఉడకబెట్టి కొయ్యుండ్రి. బూడిద, పేడ ఏం పెట్టొద్దు" అంది. అత్త తలూపింది. తిరిగి వస్తూ దుకాణంలో బ్లేడు కొని కొంగున ముడేసుకుంది.

రెండో సూదికి ఇంకా వారం ఉండగానే నొప్పులొచ్చాయి. నాకూ కొడుకే పుట్టాడు. మంత్రసాని బూడిద గిన్నె తీయబోతే అత్త లాక్కుని గోడవతల పారబోసింది.

తర్వాత నేను గడిపిన రోజులు పగవాళ్లకు కూడా వద్దు. వాడు పాలు తాగి పడుకుంటే, మళ్లీ నోరు తెరుస్తాడో లేదోనని బుగ్గ గిల్లి లేపేదాన్ని. ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే నా ఒళ్లే బిగుసుకుపోయేది. ఆరో రోజు పొద్దున ఎంత గిల్లినా సరిగ్గా లేవలేదు. రొమ్ము ఇస్తే మొహం తిప్పుకున్నాడు. ఇంకోసారి ఇచ్చాను. మళ్లీ తిప్పుకున్నాడు.

"అత్తా, పాలు తాగుతలేడు!" అని కేక పెట్టాను.

వచ్చింది అత్త కాదు, నా యారాలు. తను కన్నదీ ఆ గదిలోనే. కొడుకు పోయాక మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఆమెను చూడగానే నా బిడ్డను కొంగు కింద దాచుకోబోయాను, అంత పాపిష్టి మనసు నాది. ఆమె అది చూసింది కూడా. చేయి కడుక్కుని వచ్చి, పక్కన కూర్చుని, చిటికెన వేలు వాడి నోట్లో పెట్టింది. నేను ఆమె మొహమే చూస్తున్నాను.

"ఏలు గుంజుతుండు పిల్లా" అంది. "గట్టిగ గుంజుతుండు."

వేలు మాత్రం తీయలేదు. ఆమె రవికె ముందంతా పాలతో తడిసిపోయింది.