దారిలో ఆపని బండి

దుబాయి నుంచి వచ్చేశాక మళ్లీ సిరిసిల్ల మరమగ్గాల ముందు నిలబడలేక ఒక కొత్త కారు కొన్నాను. గల్ఫ్‌కు వెళ్లేవాళ్లను హైదరాబాద్ విమానాశ్రయంలో దించి రావడమే నా బతుకుదెరువు.

ఒకరోజు మేడిపల్లిలో, కల్లు గీయడానికి తాళ్లెక్కే పని విడిచి మొదటిసారి మస్కట్ వెళ్తున్న ఒకతన్ని ఎక్కించుకున్నాను. అతని భార్య చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, నడుమ ఎక్కడా ఆపనని నాతో ఒట్టు వేయించుకుంది. బయల్దేరిన బండి దారిలో ఆగితే పోయినవాడు ఆగమవుతాడని మా దిక్కు పట్టింపు. నేనేమన్నా తక్కువ తిన్నానా? నేను వెళ్లిననాడు టైరు పంక్చరైంది. దుబాయిలో పడ్డ పాట్లన్నీ ఆ టైరు మీదే వేసినవాణ్ని.

సిరిసిల్ల దాటగానే ఇంజను వేడెక్కిందని ఎర్రలైటు వెలిగింది. అతను ఆపమనలేదు, ఆపొద్దనీ అనలేదు. ఒళ్లో పాస్‌పోర్టు పట్టుకుని నా ముఖం వైపు చూశాడంతే. నేను ఆపలేదు. సిద్దిపేట చేరకముందే ఇంజను జామైంది. వేరే బండి మాట్లాడి పంపిస్తే విమానం అందుకున్నాడు.

కొని ఏడాది కూడా కాలేదు, వాటర్ పంపులోనే లోపం ఉందని జగిత్యాల షోరూంలో మొత్తుకున్నాను. కోరుట్లలో నా దోస్తు కారుకూ అదే పంపు పోయింది. లైటు చూడగానే వాడు ఆపాడు కాబట్టి కంపెనీ ఊరికే మార్చి ఇచ్చింది. నన్ను మాత్రం ఇంజను ఖర్చంతా పెట్టుకోమన్నారు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టున్నది నీ ముచ్చట" అని మేనేజరు నవ్వాడు.

ఆ నవ్వుకు నాకు తిక్కరేగింది. ఇంటికొచ్చి కంపెనీకి ఉత్తరం రాశాను: లైటు చూసి ఆపబోతే ఎక్కినవాడు గొడవపడి ఆపనివ్వలేదని. అతని పేరు, ఊరు కూడా రాశాను. పోయిన ఇంజను కన్నా ఆ అబద్ధమే నన్ను ఇప్పటికీ ఎక్కువ బాధపెడుతుంది.

లైటు చూశానని నేనే ఒప్పుకున్నాను కాబట్టి పైసా కూడా ఇచ్చేది లేదని జవాబు వచ్చింది. కొరివితో తల గోక్కున్నట్టయింది. కారు అమ్మేసి, ఇంకొకరి బండికి డ్రైవరుగా కుదిరాను.

రెండేళ్లకు అతను మస్కట్ నుంచి సెలవు మీద వచ్చి, ఖర్జూరాల పొట్లంతో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. కారు సంగతి ఎవరో చెప్పారట.

"నా కోసమే నువ్వు ఆపలే. నన్నొక మాట అడిగితే, నేనే ఆపనియ్యలేదని కంపెనోళ్లకు రాసిస్తుంటి గదనే అన్నా" అన్నాడు.

ఆ మాట నేను ఎప్పుడో రాసేశానని చెప్పలేకపోయాను. అతనిచ్చిన ఖర్జూరం నోట్లో వేసుకుని తల ఊపాను.