పదహారు దెబ్బల పిలుపు

మార్కాపురానికి పడమటగా రెండు మైళ్ల దూరంలో, పలకల గనుల పక్కనే, ఒక పేట ఉండేది. మొత్తం పద్దెనిమిది ఇళ్లు. ఆ ఇళ్లలో నలభై అయిదేళ్లు దాటిన మగమనిషి ఒక్కడు కూడా లేడు. ఎందుకు లేడని ఎవరూ అడగలేదు. ఇక్కడి నీళ్ల గుణమో, రాసిపెట్టిన ఆయుస్సో అనుకునేవాళ్లు. మగ్దలీనమ్మ ఆ పేటకు కోడలుగా వచ్చిన ఏడే ఆమె మామ దగ్గి దగ్గి పోయినాడు. ఆ మరుసటేడు ఎదురింటి ఏలీయా పోయినాడు. ఆయన్ను మోసుకుపోయిన నలుగురిలో ఇద్దరు దారిలో రెండుచోట్ల ఆగి, గుండె పట్టుకొని నిలబడ్డారు. అది ఆమె చూసింది. చూసి, ఎవరికీ చెప్పలేదు.

ఆమె మొగుడు యేసుదాసు పదిహేనో ఏట గనిలో దిగినాడు. రాయికి బెజ్జాలు వేయడం, పగలగొట్టి బండలు తీయడం అతని పని. పైన షెడ్లలో ఆ బండల్ని పొరలుగా చీల్చి, కోసి, చట్రాలు బిగించి బడిపిల్లల పలకలు చేసేవాళ్లు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అతని కనురెప్పలు కూడా బూడిదరంగులో ఉండేవి. పైన పడిన పొడి నాలుగు చెంబుల నీళ్లకు పోయేది.

పెళ్లయిన కొత్తల్లో అతను గని నుంచి నేరుగా ఇంటికి వచ్చేవాడు కాదు. సారా దుకాణం మీదుగా వచ్చేవాడు. వచ్చి, తిని, గోడవైపు తిరిగి పడుకునేవాడు. కూతుళ్లిద్దరు పుట్టినాకా అంతే. ఆదివారం నలుగురూ మిషన్ గుడికి పోయేవాళ్లు. ఉపదేశి కరుణాకరంగారు వాక్యం చదివేవాడు. చదువురాని మగ్దలీనమ్మకు ఆ మాటలు నెత్తి మీదుగా పోయే కొంగల బారు మాదిరిగా ఉండేవి. చూడ్డానికి బాగుండేవి, చేతికి అందేవి కావు.

కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు తరలిపోయిన మరుసటేడు, యేసుదాసు కూతుళ్లిద్దర్నీ వెంటబెట్టుకొని పొదిలి సంతకు పోయినాడు. అక్కడ బుర్రకథ దళం ఒకటి ఆడుతూ ఉంది. సంత పని మరిచిపోయి ముగ్గురూ కథ అయ్యేదాకా నిలబడ్డారు. తిరిగొచ్చినాక వారంరోజులు అతను సారా దుకాణానికి పోలేదు. ఎండిన సొరబుర్రకు వెదురుబద్ద బిగించి, తీగ లాగి, తంబుర చేసినాడు. కుమ్మరి దగ్గర రెండు గుమ్మెటలు చేయించి, వాటికి తోలు మూయించినాడు. కథ అతనే కట్టినాడు. మందలో ఒక గొర్రెపిల్ల తప్పిపోతుంది. కాపరి మిగతా తొంభైతొమ్మిదింటిని దొడ్లో పెట్టి, నల్లమల కొండలన్నీ ఎక్కి దిగి దాన్ని వెతుకుతాడు. అంతే కథ.

కొండకు కొండను దాటినాడమ్మా
కోనకు కోనను వెతికినాడమ్మా

అని అతను పాడితే, మగ్దలీనమ్మా పెద్దకూతురు రాహేలూ గుమ్మెటలు వాయిస్తూ వంత పాడేవాళ్లు. చిన్నది దీనమ్మ గొర్రెపిల్ల. కథ నడుమ కాపరి కొండకొమ్మున నిలబడి 'రావే...' అని పిలవాలి. ఆ పిలుపు ఒక్క ఊపిరిలో సాగాలి. అది సాగినంతసేపూ వంతవాళ్లు గుమ్మెట మీద దరువు వేయాలి. మొదటి ఏడు ఆ పిలుపుకు పదహారు దెబ్బలు పడేవి.

పొద్దు వాలగానే ఆ ఇంటి ముందు పాట మొదలయ్యేది. గొర్రెపిల్ల దొరక్కపోతే కాపరి ఏం చేస్తాడని దీనమ్మ అడిగింది. యేసుదాసు రెండ్రోజులు ఆలోచించినాడు. వెతకడం మాత్రం మానడని మూడోరోజు కొత్త చరణం కట్టి పాడినాడు. తొంభైతొమ్మిదింటిని వదిలి ఒక్కదాని కోసం పోవడం ఏం న్యాయమని రాహేలు వాదించింది. తప్పిపోయింది నువ్వే అయితే అట్ల అడుగుతావా అని తల్లి అన్నది. అన్నాక ఆ మాట మగ్దలీనమ్మ గుండెకే తగిలింది. ఆ తర్వాత గుడిలో వాక్యం చదువుతుంటే ఆమెకు అర్థం కావడం మొదలైంది. పాట అయిపోయినాక ఆ చోటనే నలుగురూ మోకాళ్లూని ప్రార్థన చేసేవాళ్లు. ఎవరూ చేయమని చెప్పలేదు. పాటకు అది చివరి చరణం మాదిరిగా వచ్చి కలిసింది.

రెండో ఏడు తిరిగేసరికి ఆ పిలుపు పదమూడో దెబ్బకే ఆగిపోయింది. మగ్దలీనమ్మ లెక్కపెట్టుకోలేదు, ఆమె చేతికే తెలిసింది. పద్నాలుగో దెబ్బకు లేచిన చెయ్యి గాలిలోనే నిలబడింది. ఆరోజు అలసిపోయినాడులే అనుకుంది. వానాకాలానికి అది పదకొండయింది. ఆమె రాహేలు ముఖం చూసింది. ఆ పిల్ల అప్పటికే తల్లి ముఖం చూస్తూ ఉంది.

ఒకనాడు మొగుడితో చెప్పింది. ఊపిరి తగ్గుతోందని, మామకు కూడా ఇట్లనే మొదలై ఉంటుందని, గని మానేయమని బతిమాలింది. అతను నవ్వి కొట్టిపారేసినాడు. నవ్వు నడుమ దగ్గు వచ్చింది.

ఆ దగ్గు పేటంతా వినబడింది, ఉపదేశి చెవిన కూడా పడింది. కరుణాకరంగారు చెడ్డవాడు కాడు. పేటలో ఎవరికి జ్వరమొచ్చినా ముందు వచ్చి కూర్చునేది ఆయనే. కానీ బుర్రకథ అంటే ఎర్రజెండా వాళ్లదని ఆయన నమ్మకం. విశ్వాసుల ఇంట్లో తంబుర, గజ్జె ఉండకూడదనేవాడు. ఒకరోజు వచ్చి, గడపలో నిలబడే చెప్పినాడు.

"యేసుదాసూ, దేవుడు నీ గొంతు మీద చెయ్యి పెట్టినాడు. ఆ తంబుర ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ చెయ్యి తీయడు."

మరుసటిరోజే తంబుర అటక మీదికి పోయింది, గుమ్మెటలు గాదె వెనక్కి పోయినాయి. ఇంట్లో చీకటిపడే వేళ పాట లేదు. అతను సారా దుకాణానికి పోకపోయినా, ఇంటికొచ్చి పాతరోజుల్లో మాదిరిగా గోడవైపు తిరిగి పడుకునేవాడు. పిల్లలు గుసగుసగా మాట్లాడుకునేవాళ్లు. పాట ఆగిపోతే దగ్గు తగ్గుతుందని అతను ఎదురుచూసినాడు. అది తగ్గలేదు. మగ్దలీనమ్మకు అన్నిటికంటే భయమేసింది ఒక్కదానికి. ఇప్పుడు అతని ఊపిరి ఎంతకొచ్చిందో తెలుసుకునే దారి లేదు. చీకట్లో బావిలోకి దిగుతున్న చేద మాదిరిగా అది లోపలెక్కడో దిగుతూనే ఉంది. తాడు ఆమె చేతిలో లేదు.

అట్ల ఎనిమిది నెలలు గడిచినాయి. ఏలీయా తమ్ముడు పోయినాడు. అతనికి ముప్పైతొమ్మిది.

ఆ ఆదివారం మధ్యాహ్నం, పాతిపెట్టి వచ్చి స్నానాలయినాక, మగ్దలీనమ్మ అటక మీంచి తంబుర దించింది. అది రాహేలు చేతికిచ్చి, తను గుమ్మెట తీసుకొని ఇంటి ముందు కూర్చుంది. యేసుదాసు వద్దని చెయ్యి ఊపినాడు. వాళ్లు మొదలుపెట్టినారు. పద్నాలుగేళ్ల పిల్ల తండ్రి అడుగులే వేస్తూ కథ నడిపింది. పిలుపు దగ్గరికి వచ్చేసరికి ఆగి, తండ్రివైపు తిరిగింది.

"నాయనా, ఇది నాకు రాదు. నువ్వు పిలువు."

అతను లేచి నిలబడినాడు. 'రావే' అని ఎత్తుకున్నాడు. మగ్దలీనమ్మ దరువు వేసింది. నాలుగో దెబ్బకు పిలుపు తెగిపోయింది. అతను వంగి, మోకాళ్ల మీద చేతులుంచి దగ్గినాడు. నేల మీద ఎర్రని చార పడింది. దీనమ్మ పోయి దాని మీద మన్ను కప్పింది.

మరుసటి పొద్దున్నే మార్కాపురం రోడ్డు స్టేషనులో రైలెక్కి, భార్యాభర్తలు మిషన్ ఆసుపత్రికి పోయినారు. డాక్టరమ్మ ఎక్స్‌రే ఫోటో తీయించి, వెలుతురుకు ఎత్తి చూపించింది. ఊపిరితిత్తుల నిండా తెల్లని చుక్కలు. అది రాతిపొడి అని, లోపలికి పోయింది ఇక బయటికి రాదని, మళ్లీ గనిలో దిగితే రెండేళ్లు కూడా కష్టమని చెప్పింది. ఇది శాపమా అని యేసుదాసు అడిగినాడు. పొడి అని ఆమె మళ్లీ చెప్పింది. ఇంత తొందరగా ఎట్ల కనిపెట్టినారని, వేరే గనులవాళ్లు నోట మాట రాని స్థితిలోనే వస్తారని ఆమె అడిగితే, పాట వల్ల అన్నది మగ్దలీనమ్మ. డాక్టరమ్మకు అది అర్థమైందో లేదో.

యేసుదాసు గని మానేసి, నాలుగు మేకల్ని పట్టుకొని గట్లమ్మట తిరిగేవాడు. మగ్దలీనమ్మ, రాహేలు కూలికి పోయేవాళ్లు. గంజి పలచబడింది. ఇంటి ముందు పాట మాత్రం మళ్లీ మొదలైంది. ఫోటో సంగతి పేటలో పాకింది. సాయంత్రాలు ఒక్కొక్కరే వచ్చి, ఉత్తినే వచ్చినట్టు కూర్చునేవాళ్లు. కథ పిలుపు దాకా వచ్చినప్పుడు, నేనూ ఒకసారి పిలుస్తాను అనేవాళ్లు. మగ్దలీనమ్మకు ఆ సాయంత్రాలంటే భయం. దరువు వేసేది ఆమే. తొమ్మిది. ఏడు. పది. ఎదుటిమనిషి చావు ఎంత దూరంలో ఉందో తన చేతుల్లోంచే వినబడుతున్నట్టుండేది.

ఒకనాడు కరుణాకరంగారు తన తమ్ముడు ప్రకాశరావును తీసుకొని వచ్చినాడు. అతనూ గనిలోనే పని. ఉపదేశి తమ్ముణ్ణి ముందుకు నెట్టి, అరుగు మీద కూర్చున్నాడు. ప్రకాశరావు పిలిచినాడు. గుమ్మెట మీద ఆరు దెబ్బలు పడినాయి. ఏడోది పడలేదు. ఎవరింటికి పోయినా ప్రార్థన చేయకుండా లేవని ఉపదేశి, ఆరోజు చేయకుండానే లేచి పోయినాడు.

ప్రకాశరావు గని మానలేదు. ఇంట్లో తినే నోళ్లు అయిదు. మరుసటి వానల్లో పోయినాడు. సమాధి దగ్గర ఉపదేశి వాక్యం మొదలుపెట్టి, నడుమనే పుస్తకం మూసినాడు. మగ్దలీనమ్మ దగ్గరికి వచ్చి, మీరు పాడండమ్మా అన్నాడు. పిల్లలిద్దరితో కలిసి ఆమె పాడింది. యేసుదాసు పాడలేదు. పక్కన నిలబడి చిన్నకూతురి భుజం మీద వేలితో దరువు వేసినాడు.

గని మానినాక అతను అయిదేళ్లు బతికినాడు. ఆ పేటలో అది ఎక్కువే. చివరి ఏడు మంచంలోనే గడిచింది. కాళ్లవైపు దీనమ్మ, తలవైపు భార్య కూర్చుంటే రాహేలు కథ చెప్పేది. నేను గనిలో ఇరవైరెండేళ్లున్నాను, ఇంట్లో ఉన్నది ఈ అయిదేళ్లే అని ఒకసారి అన్నాడు. నలభై రెండో ఏట, ఒక పొద్దున, పాలు తాగి, కళ్లు మూసినాడు.

తర్వాతి ఏడు రాహేలుకు సంబంధం వచ్చింది. దగ్గరి గనుల్లో మేస్త్రీ కొడుకు. చూడ్డానికి బాగున్నాడు, నెలజీతం ఉంది, కట్నమేమీ వద్దన్నారు. మధ్యవర్తి ఇందిరమ్మ ఇంతకంటే మంచిది దొరకదని గట్టిగా చెప్పింది. పిల్లోడు కిందికి దిగుతాడా అని మగ్దలీనమ్మ అడిగింది. దిగక ఏం చేస్తాడు, జీతం అక్కడే కదా అన్నది ఇందిరమ్మ. మగ్దలీనమ్మ వద్దన్నది. ఇందిరమ్మకు కోపమొచ్చి, ఇంత పొగరు దేనికి, మీ ఇంట్లో ఏముందని అడిగింది.

"మా ఇంట్లో సాయంత్రం అందరూ కలిసి పాడతారు వదినా. దానికి రెండు ఊపిరితిత్తులు ఉండాల."

ఇందిరమ్మ మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయింది. రాహేలుకు పెళ్లి రెండేళ్లు ఆలస్యమైంది. గిద్దలూరులో బట్టలు కుట్టే పిల్లోడొకడు, ఈస్టరు కూటంలో ఆమె కథ చెప్పడం విని, తల్లిని తోడు తీసుకొని అడగడానికి వచ్చినాడు. మగ్దలీనమ్మ అతని చేతులు చూసింది, సూదిపోట్లే తప్ప రాతిపొడి లేదు. పాడతావా నాయనా అని అడిగింది. సరిగ్గా రాదు అత్తా, నేర్చుకుంటానని చెప్పినాడు.