మా ఎమ్మెల్యేకు నేను గొంతునైన కథ

మా మాజీ ఎమ్మెల్యే పోయాడు. ఆ కబురు నాకు ఆయన పెద్దకొడుకే ఫోన్ చేసి చెప్పాడు. "చిన్నాయనా, నాయన పోయినాడు. సాయంత్రం హిందూపురంలో ఊరేగింపు ఉండాది. జీపులో మైకు నువ్వే పట్టుకోవల్ల. నాయనకు నీ గొంతంటే ఎంత ఇష్టమో నీకు తెలుసు గదా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. దాంతోపాటే ఒళ్లు మండింది కూడా. "గొంతు బాగలేదు నాయనా, ఇంకెవరినన్నా చూసుకోండి" అని ఫోన్ పెట్టేశాను. నా గొంతు బాగానే ఉంది. ఊరేగింపుకి వెళ్లాను, జనంలో నిలబడ్డాను, దండ వేసి దండం పెట్టుకున్నాను. మైకు మాత్రం ముట్టుకోలేదు. ఎందుకు ముట్టుకోలేదని చాలామంది అడిగారు. వాళ్లకోసమే ఇది రాస్తున్నాను.

పెనుకొండలో నాది మైకుసెట్ల అంగడి. పెళ్లిళ్లకూ, జాతరలకూ, కొత్త సినిమాలకూ బాక్సులు బాడుగకిచ్చేవాణ్ణి. తొంభైల్లో ఆయన మొదటిసారి ఎన్నికల్లో నిలబడ్డప్పుడు నా అంగడికి వచ్చాడు. అప్పటికాయన హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టులో వ్యాపారి. మాసిన తెల్లచొక్కా, చేతిలో తువ్వాలు. ఎమ్మెల్యే అయ్యే కళ ఏ కోశానా లేదు. నేను మైకు పరీక్షించుకుంటూ ఏదో నాలుగు మాటలు అన్నాను. ఆయన బాడుగ సంగతి మరిచిపోయి నన్నే చూస్తూ నిలబడ్డాడు. "ఏమప్పా, ఇంత గొంతు పెట్టుకొని బాక్సులు బాడిక్కిస్తాండావా? నువ్వే రా నాతో" అన్నాడు. అంతే, ఆ సాయంత్రమే జీపెక్కాను. ఆ రోజునుంచీ ఆయన నాకు అన్న.

ఎట్లా పలకాలో నాకు నేర్పింది ఆయనే. "ఊళ్లోకి పోతానే నా పేరెత్తొద్దప్పా. ముందర ఆ ఊరి దేవుణ్ణి తలుచుకో, తర్వాత ఊరి పేరు చెప్పు. నా పేరు కడాకు. అడిగి తెచ్చుకున్న మర్యాద నిలవదు" అనేవాడు. నా గొంతు ఆరిపోతుందని తన జేబులో కలకండ పలుకులు పెట్టుకొని తిరిగేవాడు. ఎండలో ఊరూరూ తిరుగుతుంటే, నేను అడగకముందే చెయ్యి వెనక్కి చాపి ఒక పలుకు అందించేవాడు. జీపులో నలుగురు నాయకులున్నా ఎవరికీ ఇచ్చేవాడు కాదు. పొద్దున్నే బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ తినేటప్పుడు కూడా తన పొట్లంలో బజ్జీ ఒకటి నా పొట్లంలో వేసేవాడు.

గెలిచాక మారిపోతాడనుకున్నాం. మారలేదు. మా అమ్మకు కడుపులో గడ్డ లేచినప్పుడు తన కారిచ్చి బెంగళూరు పంపాడు. ఆమె బాగై ఇంటికొచ్చాక, ఎవరికీ చెప్పకుండా మా ఇంటికి వచ్చి, నేలమీద కూర్చొని రాగిముద్ద తిని, "అమ్మా, నీ కొడుకు గొంతుతోనే నేను గెలిచినా. నీకు ఈమాత్రం చేయకపోతే ఎట్లా" అన్నాడు. మా అమ్మ బతికున్నన్నాళ్లూ దేవుడి తర్వాత ఆయన పేరే చెప్పింది. ఇదంతా నిజం. నేను మరిచిపోయే మనిషిని కాను. మరిచిపోగలిగితే నా బతుకు ఇంత కష్టమయ్యేది కాదు.

ఇక ఒళ్లు ఎందుకు మండిందో కూడా చెప్పాలి.

మా అత్తగారి ఊరికీ హిందూపురం రోడ్డుకీ నడుమ ఒక వంక అడ్డం ఉంది. ఏడాదిలో ఎక్కువ కాలం అందులో ఇసుకే. నాలుగు వానలు పడ్డాయంటే మాత్రం ఊరు అవతలే ఉండిపోతుంది. అందుకే ఆ ఊళ్లో పట్టుపురుగులు పెంచడానికి భయపడేవాళ్లు. గూళ్లు తయారయ్యాక నాలుగైదు రోజుల్లో హిందూపురం మార్కెట్టుకు చేరాలి. ఆలస్యమైతే లోపలి పురుగుకు రెక్కలొచ్చి, గూడు తొలుచుకొని బయటపడుతుంది. తూటు పడ్డ గూటిని ఎవడూ కొనడు. కాబట్టి వానొస్తే వచ్చింది, లేకుంటే లేదు అని చెనక్కాయే వేసుకొని బతికేవాళ్లు.

రెండో ఎన్నికల్లో ఆ ఊళ్లోకి జీపు పోతుండగా ఆయన నా చెవి దగ్గరికి వంగి, "వంకమీద వంతెన వేయిస్తామని చెప్పప్పా" అన్నాడు.

"అంత మాట నేనెందుకన్నా, నువ్వే చెప్పరాదా?" అన్నాను.

"నేను చెప్తే ఓట్లకోసం అంటారు. నువ్వు చెప్తే మా అల్లుడు చెప్పినాడంటారు. నీ మాటకు విలువ ఉండాది ఈ ఊళ్లో."

నాకెంత గర్వమైందో ఏం చెప్పను! గొంతు పెంచి మరీ చెప్పాను. పక్కన ఆయన నవ్వుతూ నిలబడ్డాడు. ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది. మా అత్త నా తలమీద చెయ్యి పెట్టి మెటికలు విరిచింది.

ఆయన గెలిచాడు. వంతెన వస్తుందన్న ధీమాతో మా బావమరిది చెనక్కాయ మాని చేనంతా మల్బరీ నాటాడు. వాణ్ణి చూసి ఇంకొందరు నాటారు. రేకుల షెడ్లు లేపి, పురుగులు తెచ్చి పెంచారు. నేను ఎప్పుడు అడిగినా అన్న "ఎస్టిమేట్లు వేస్తాండారప్పా, అయిపోతాది" అనేవాడు. ఆ మాట పట్టుకొనిపోయి నేను అత్తగారి ఊళ్లో చెప్పేవాణ్ణి. ఒక రెండు పంటలు బాగానే వచ్చాయి. మూడో పంట గూళ్లు ఏరి గంపలకెత్తుతుండగా వాన పట్టుకుంది. వంక రెండు గట్లూ ఒరుసుకొని పారింది. ఎంతకీ తగ్గలేదు. తగ్గాక నేను పోయి చూస్తే షెడ్లలో తెల్లటి రెక్కల పురుగులు గోడలనిండా పాకుతున్నాయి. మా బావమరిది ఒక్క మాట కూడా తిట్టలేదు. "నువ్వు చెప్తివని నమ్మితిమి గదా బావా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ మాట తీసుకెళ్లి అన్నకు చెప్పాను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నటన కాదు, నాకు తెలుసు. "ఈసారి ఏమైనా సరే చేయిస్తా" అన్నాడు నాతో. నాతో మాత్రమే.

మూడో ఎన్నికలకు ముందు ధర్మవరంలో పెద్ద సభ ఉంది, సెట్టు తీసుకొని రమ్మన్నాడు. బాక్సులు పేర్చి, వైర్లు లాగి, మైకు సరిచూసి కిందికి దిగేసరికి వేదిక చుట్టూ అవతలి పార్టీ జెండాలు కడుతున్నారు. తప్పు చోటికి వచ్చానేమో అనుకున్నాను. ఛీ, ఎంత అమాయకుణ్ణి! పన్నెండేళ్ల పిల్లాడికి కూడా అర్థమైపోయేది. అన్న కారు దిగాడు. "ఏందన్నా ఇది?" అన్నాను. భుజంమీద చెయ్యి వేసి పక్కకు తీసుకుపోయాడు. "నీకు ముందే చెప్పల్ల, కుదర్లే. మన వంతెన కోసమేనప్పా ఇదంతా. అధికారం లేని పార్టీలో ఉండి ఏం తెస్తాం చెప్పు?" అన్నాడు. వంతెన అనగానే నా నోరు మూతపడింది. వేదికెక్కి, నిన్నటిదాకా తిట్టిన పార్టీకి నా గొంతుతోనే జై కొట్టాను.

ఆయన మూడోసారీ గెలిచాడు. ఈసారి వంతెన నిజంగానే వచ్చింది. మా అత్తగారి ఊరి దగ్గర కాదు. దిగువన, ఆయన అల్లుడి రాళ్ల క్వారీకి పోయే దారిలో. లారీలు దానిమీద పోతుంటే ఊళ్లోవాళ్లు మిద్దెలెక్కి చూశారు.

మా బావమరిది, ఊరి పెద్దలు నన్ను వెంటబెట్టుకొని హిందూపురంలో ఆయన ఇంటికి వెళ్లారు. అందరినీ కూర్చోబెట్టి కాఫీలు తెప్పించాడు. అంతా విన్నాడు. కోపం తెచ్చుకోలేదు. "వంతెన వేయిస్తానని నేను యాడ చెప్పినానప్పా? నా నోటితో చెప్పంగా విన్నోళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండి" అన్నాడు.

నిజంగానే ఆయన ఎన్నడూ చెప్పలేదు. జీపులో చెప్పలేదు, సభల్లో చెప్పలేదు. చెప్పిందంతా నేను. అందరూ నావైపు తిరిగారు. నేను ఆయనవైపు చూశాను. ఆయన కప్పులో కాఫీ ఊదుకుంటున్నాడు. ఆ రోజు నాకు తెలిసింది, నా పక్కన నవ్వుతూ నిలబడ్డప్పుడే ఈ రోజుకోసం కూడా ఆలోచించుకున్నాడని. నా మాటకున్న విలువను నాకు చెప్పే వాడుకున్నాడు. శత్రువు చేస్తే ఇంత నొప్పి ఉండదు.

మా బావమరిది మల్బరీ పెరికేసి బెంగళూరులో కూలికి పోయాడు. మా ఆవిడ పుట్టింటికి పోవడం తగ్గించుకుంది. "ఏ మొగం పెట్టుకొని పోయేది" అంటుంది. నేను ఎన్నికల మైకు మళ్లీ పట్టుకోలేదు. నాలుగోసారి అన్నకు పార్టీ టికెట్ ఇవ్వలేదు. తనకు ద్రోహం చేశారని పెద్దగా ఏడ్చాడట. విని నవ్వాను. నవ్వినందుకు బాధ కూడా పడ్డాను.

ఈమధ్య చాలా జబ్బుపడ్డాడని తెలిసి, ఉండబట్టలేక చూడడానికి పోయాను. ఒకప్పుడు చెప్పులు పెట్టడానికి చోటుండని గుమ్మంలో నా చెప్పులే ఉన్నాయి. మంచంమీద దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. సగమయ్యాడు. నన్ను చూసి మొహం విప్పారింది. అమ్మ ఎట్లా పోయిందో అడిగాడు, పిల్లల్ని అడిగాడు. మా అత్తగారి ఊరి సంగతి అడగలేదు. కాసేపటికి, "ఏమప్పా, ఒకసారి పలుకుతావా? ఊళ్లోకి జీపు వచ్చినట్ల" అన్నాడు.

"ఏ ఊరన్నా?"

"ఏ ఊరైతేనేం, నీకు నచ్చిన ఊరు."

మా అత్తగారి ఊరితోనే మొదలుపెట్టాను. మంచం పక్కన నిలబడి, మైకు లేకుండా, పాత గొంతుతో. ఆయన పేరు వచ్చేసరికి ఆ మనిషి నడుము నిటారైంది. రెండు చేతులూ లేచి కలుసుకున్నాయి. బీరువా వైపు ఒకసారి, కిటికీ వైపు ఒకసారి తిరిగి దండం పెట్టాడు. నేను చెప్పుకుంటూ పోయి వంక దగ్గర ఆగాను.

"ఈడ వంతెన మాట రావల్లన్నా. ఈసారి నువ్వు చెప్పు. వినేకి నేను తప్ప ఎవరూ లేరు" అన్నాను.

ఆయన పెదాలు కదిలాయి. నేను వంగాను, ఒక్క మాట చాలనుకుని. ఆయన కలిపిన చేతులు విడదీయకుండానే నావైపు తిరిగి, నాకూ ఒక దండం పెట్టి, ఓటరును చూసి నవ్వినట్టు నవ్వాడు.