సోమవారం నాడు వచ్చిన భర్త

2008లో మేము అమెరికాలో, షాంటిలీ అనే ఊళ్లో ఉండేవాళ్లం. నాది ఉద్యోగం చేయడానికి వీల్లేని డిపెండెంట్ వీసా. ఇంట్లో ఊరికే కూర్చోలేక, మ్యూజియంగా మార్చిన ఒక పాత ప్లాంటేషన్‌లో, అంటే ఒకప్పుడు బానిసల చేత సాగు చేయించిన పెద్ద పొలంలో, వాలంటీరుగా చేరాను. కూరగాయల మడిలో కలుపు తీయడం నా పని.

అక్కడికి వచ్చినవాళ్లకు అన్నీ తిప్పి చూపించే ఆవిడ డెబ్బై దాటిన నల్లజాతి మహిళ, రిటైరైన టీచరు. ఆవిడ ముత్తాత ఆ పొలంలోనే బానిసగా పుట్టాడు. ఒక మధ్యాహ్నం నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

"అందరూ దెబ్బల గురించే అడుగుతారు. దెబ్బలు తిన్నాడు, నిజమే. నీకు మాత్రం ఆయన పెళ్లి సంగతి చెప్తాను" అంది.

ఆయన ఎద్దుల బండి తోలేవాడు. భార్య ఏడు మైళ్ల అవతల ఇంకో యజమాని దగ్గర వంటమనిషి. శనివారం సాయంత్రం యజమాని అనుమతి చీటీ రాసిస్తే నడిచి వెళ్లాలి, ఆదివారం పొద్దుగూకేలోగా తిరిగి రావాలి. ఇరవై ఏళ్లు అలాగే గడిచాయి. ఐదుగురు పిల్లలు పుట్టారు.

ఇక ఎవరూ బానిసలు కారన్న కబురు ఒక సోమవారం తెలిసింది. ఆయన ఎద్దులకు మేత వేసి, నీళ్లు పెట్టి, చీటీ లేకుండా బయల్దేరాడు. గుమ్మంలో ఆయన్ని చూసి భార్య హడలిపోయింది.

"ఇవాళ సోమవారం కదా! పారిపోయి వచ్చావా?"

"లేదు, నడిచే వచ్చాను. రేపు కూడా ఇక్కడే ఉంటాను."

బానిసల పెళ్లికి చట్టంలో విలువ లేదు. అందుకని మరుసటి ఏడాది చర్చిలో మళ్లీ పెళ్లి చేసుకున్నారు. పెద్దకూతురు తల్లికి జడ వేసింది. పిల్లలందరూ ముందు వరుసలో కూర్చున్నారు. ఈమెను భార్యగా స్వీకరిస్తావా అని పాస్టరు అడిగితే, "ఇరవై ఏళ్లుగా స్వీకరిస్తూనే ఉన్నానయ్యా, త్వరగా కానివ్వండి" అన్నాడట. అది చెబుతూ ఆవిడ పగలబడి నవ్వింది. నేను చేతిలో కలుపు పట్టుకునే నవ్వాను.

ఆ తర్వాత ఆయన ఈ పొలానికే కూలికి వచ్చేవాడు. ఎంత పని మిగిలినా సాయంత్రం కాగానే ఇంటికి వెళ్లిపోయేవాడు.

ఇంటికొచ్చి మావారికి ఇదంతా చెప్పాను. "ఫ్రీ అయ్యాక కూడా అదే ప్లేస్‌కి ఎందుకెళ్లాడు? నేనైతే అటువైపు డ్రైవ్ కూడా చేయను" అన్నారు.

ఆ ప్రశ్నే మరుసటి వారం ఆవిడని అడిగాను. "వాళ్లమ్మ సమాధి ఇక్కడే ఉంది. ఆ ఎద్దుల్ని పెంచిందీ ఆయనే. వాటిని ఇంకొకరికి ఎందుకు వదిలేస్తాడు?" అంది.

ఆ వేసవిలో వాళ్ల బంధువులంతా చర్చి వెనక చెట్ల కింద కలిశారు. మమ్మల్నీ రమ్మంది. పెద్ద గిన్నె నిండా పులిహోర చేసుకుని వెళ్లాం. ఆవిడ తమ్ముడు ఎండుమిరపకాయ కొరికేసి, కళ్లనీళ్లు తుడుచుకుంటూనే ప్లేటు మళ్లీ ముందుకు చాచాడు.