గాలి మీద నిలబడిన కారు

ఆ కారు మా ఇంటికి వచ్చిన రోజు మా ఆయన నన్ను పిలిచి, వాకిట్లో నిలబెట్టి, లోపల ఏదో మీట నొక్కారు. బస్సు తలుపు తెరుచుకున్నప్పటిలా బుస్సుమని చిన్న చప్పుడు. కారు మెల్లగా కిందికి దిగింది. మళ్ళీ నొక్కితే పైకి లేచింది.

"చూశావా? దీనికి స్ప్రింగులుండవు. నాలుగు చక్రాల దగ్గరా నాలుగు రబ్బరు తిత్తులు, వాటినిండా గాలి. గాలి మీద నడుస్తుందిది," అన్నారు.

రేపల్లెలో మా ఆయనకు రొయ్యల మేత దుకాణం. నేను బడిలో తెలుగు చెబుతాను. కొత్తగా ఉన్నప్పుడు అలాంటి కారు వైపు తలెత్తి చూసే స్తోమత మాకు లేదు. హైదరాబాదులో ఎవరో ఏళ్ళ తరబడి వాడుకుని వదిలించుకుంటుంటే ఈయన తెచ్చుకున్నారు. చెరువుల దగ్గరికి గుంతల రోడ్డు మీద వెళ్ళినా అందులో కూర్చుంటే పడవలో ఉన్నట్టుండేది. నాకూ నచ్చింది. నచ్చలేదని ఇప్పుడు చెబితే అబద్ధమవుతుంది.

మా పోర్టికోలో ఆ కారు పూర్తిగా పట్టేది కాదు. వెనక భాగం సందులోకి వచ్చి పక్కింటి గేటుకు కొంచెం అడ్డమయ్యేది. పక్కింట్లో ఉండేది రిటైరైన నర్సమ్మగారు. లూథరన్ చర్చిలో ఆవిడ మాటంటే అందరికీ గురి. వారానికోసారి వాళ్ళింట్లో ఆడవాళ్ళ ప్రార్థన కూడిక జరుగుతుంది. గేటు విషయంలో ఆవిడ ఒకటి రెండుసార్లు చెప్పి చూశారు, మా ఆయన నవ్వేసి ఊరుకున్నారు. ఆ తర్వాత ఆవిడ మాతో మాట్లాడటం తగ్గించారు.

వేసవి వచ్చేసరికి కారు కొత్త వేషం మొదలుపెట్టింది. పొద్దున్నే చూస్తే ముందు ఎడమ పక్క ఒరిగి ఉండేది, కాలు బెణికిన మనిషిలా. ఇంజన్ ఆన్ చేస్తే లేచేది. విజయవాడ షోరూంలో అడిగితే తిత్తి కారుతోంది, కొత్తది విదేశం నుంచి రావాలన్నారట. "చూద్దాంలే, నడుస్తోందిగా," అని ఈయన వాయిదా వేశారు.

ఆ రోజు నేను వెనక వరండాలో ఆవకాయ కలుపుతున్నాను. మోచేతుల దాకా నూనె, కారం, ఆవపిండి. మా ఆయన దుకాణం నుంచి వచ్చి కారు పోర్టికోలో పెట్టి, లోపలికి తొంగిచూశారు.

"ఏదో పట్టా ముక్క కింద ఇరుక్కుంది. దారి పొడుగునా టపటపా కొట్టుకుంటా ఉంది. అది లాగేసి వస్తా. తినేసి బాపట్ల పోదాం, అక్క రమ్మంటోంది," అన్నారు.

"సరే," అన్నాను. తలెత్తి చూడను కూడా లేదు.

కాసేపటికి ముందు వైపు నుంచి టైరు పేలినట్టు ఒక చప్పుడు, దాని వెనకే పొడుగ్గా బుస్సుమని గాలి. టైరేదో పోయిందనుకున్నాను. "ఏమండీ, పంచరా?" అని అరిచాను. జవాబు లేదు. ఇంకోసారి పిలిచాను. ఆయన విసుక్కుంటారు కాని, పలకకుండా ఉండరు. అప్పుడు లేచాను.

పోర్టికోలోకి వచ్చేసరికి కారు ముందు భాగం నేలకు ఆనుకున్నట్టుంది. దాని పక్కన మా ఆయన కాళ్ళు. నడుము దాకా కనిపిస్తున్నాయి. ఆపైన మనిషి కారు కింద ఉన్నారు. ఒక పాదం నేలను రాస్తోంది. చెప్పు ఊడి దూరంగా పడి ఉంది.

నాకు గొంతు రాలేదు. నిజంగా రాలేదు. నోరు తెరిచాను కాని గాలి తప్ప ఇంకేమీ రాలేదు. వెళ్ళి చక్రం పైన రేకు అంచు పట్టుకుని ఎత్తబోయాను. నూనె చేతులు, జర్రున జారాయి. చీరకు తుడుచుకుని మళ్ళీ పట్టుకున్నాను. మళ్ళీ జారాయి. వెనక డిక్కీ తెరిచాను, జాకీ ఉంటుందని. అంత కారులో జాకీ లేదు. పంచరు వేసుకునే మందు డబ్బా, గాలి కొట్టే చిన్న మిషను ఉన్నాయి, అంతే. అప్పుడొచ్చింది గొంతు. ఏమని అరిచానో నాకు తెలియదు.

అది కూడిక రోజు. పక్కింట్లో పాట ఆగిపోయింది. తెల్లచీరల ఆడవాళ్ళు బైబిళ్ళు చేతుల్లో ఉండగానే గేటు తోసుకుని వచ్చేశారు. ముందు నర్సమ్మగారు. కిందికి వంగి మా ఆయన్ని ఒకసారి చూసి, "ఊపిరుంది," అన్నారు.

నాకు మీట గుర్తొచ్చింది. ఇంజన్ ఆన్ చేస్తే ఇది రోజూ లేస్తుంది కదా! తాళం కోసం లోపలికి పరిగెత్తబోయాను. ఆవిడ నా జబ్బ పట్టుకున్నారు.

"ఎక్కడికే?"

"ఇంజన్ పెడితే లేస్తుంది పిన్నిగారూ."

"పగిలిందేంటో నీకు తెలుసా? ఇంకాస్త దిగితే? తాళం ముట్టుకోకు. నువ్వు ఆయన కాళ్ళ దగ్గరుండు. మేం ఎత్తగానే లాగు. ఇంకేం చూడకు."

సందులో మగవాళ్ళు ఒక్కరూ లేరు. చేపల చెరువులకు పోయినవాళ్ళు పోయారు, బజారుకు పోయినవాళ్ళు పోయారు. ఆ ఆడవాళ్ళు బైబిళ్ళు అరుగు మీద పెట్టి, కొంగులు బిగించి, కారు ముందుకూ పక్కకూ సర్దుకున్నారు. వాళ్ళలో నా కంటే పెద్దవాళ్ళే ఎక్కువ. ఒకావిడకు మోకాళ్ళ నొప్పులు, కర్ర పట్టుకుని కూడికకు వస్తుంది. ఆవిడ కర్ర పడేసి చక్రం పైన రేకు కింద చేతులు పెట్టింది.

"యేసయ్యా అనంగానే అందరూ ఒక్కసారి లేపండి," అన్నారు నర్సమ్మగారు.

"యేసయ్యా!"

లేవలేదు. కారు మూలిగింది, అంతే.

"మళ్ళీ. నడుముతో కాదమ్మా, కాళ్ళతో లేపండి. యేసయ్యా!"

ఈసారి నేనూ అరిచాను. కారు లేచింది. ఎంతో కాదు, జానెడు కూడా ఉండదు. నేను లాగాను. ఆయన చొక్కా దేనికో పట్టుకుని చిరిగింది. ఇంకా లాగాను. భుజం వచ్చింది, తల వచ్చింది. వాళ్ళు వదిలేయగానే కారు ధడేలున మళ్ళీ నేలకు దిగింది.

ఆయన ముఖం నేరేడు పండు రంగులో ఉంది. పాదాల నుంచి నడుము దాకా ఎర్రగా ఉంది. "రక్తం! రక్తం!" అని ఎవరో ఏడ్చారు. నేనూ రక్తమే అనుకుని అక్కడే కూలబడ్డాను. నర్సమ్మగారు వేలితో తాకి చూసి, వాసన చూశారు.

"రక్తం కాదే. ఆవకాయ కారం. నీ చేతులదే."

అప్పుడు ఆయన ఊపిరి పీల్చారు. తలుపు గడియ తుప్పుపట్టి లాగినట్టు వచ్చింది ఆ శబ్దం. అంత వికారమైన శబ్దం కోసం నేను అంతలా ఎదురుచూస్తానని ఎప్పుడూ అనుకోలేదు.

అంబులెన్సులో తెనాలి తీసుకెళ్ళాం. భుజం దగ్గర ఎముక విరిగింది, పక్కటెముకలు చిట్లాయి. పక్కకు తిరిగి పడుకోవడం వల్ల భుజం బరువు కాసిందన్నారు డాక్టరు. "వెల్లకిలా పడుకునుంటే అమ్మా..." అని మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆపేశారు.

నాలుగైదు రోజులకు మాట్లాడే ఓపిక రాగానే మా ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "కారు ఎక్కడుంది?"

"ఎక్కడుంటుంది? మిమ్మల్ని తొక్కిన చోటే ఉంది."

"కొత్త తిత్తి తెప్పిద్దాం. ఒక్కటే కదా పోయింది."

"ఇంక అది గాలి మీద నిలబడ్డానికి వీల్లేదు. నా ఇంట్లో వీల్లేదు."

"అయితే అమ్మేద్దాం."

"ఎవరికండీ? రేపు ఇంకో ఇంట్లో ఇంకో మనిషి దాని కింద దూరతాడు. ఆ ఇంటావిడ చేతులకు ఏముంటుందో, పక్కింట్లో ఎవరుంటారో!"

ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నారు. దాన్ని సరే అని లెక్కేసుకున్నాను.

తెనాలిలో నందివెలుగు రోడ్డులో ఒక షెడ్డుంది. పెద్ద కార్ల గాలి తిత్తులు తీసేసి ఉక్కు స్ప్రింగులు బిగిస్తారని ఆసుపత్రిలో పక్క మంచం వాళ్ళ తమ్ముడు చెప్పాడు. కారును లారీ మీద ఎక్కించి అక్కడికి పంపి, నేనూ వెళ్ళాను. మేస్త్రి మాటకారి. పని కంటే కబుర్లు ఎక్కువ. కాని, జరిగింది చెప్పాక చేతిలో రెంచీ కింద పెట్టేశాడు.

"దీని కింద ఇనప స్టాండు పెట్టకుండా మేమే లోపలికి దూరమండి," అన్నాడు చివరికి.

పగిలిన తిత్తిని ఊడదీసి నా ముందు పెట్టాడు. చిన్న బిందెంత ఉంది. నల్ల రబ్బరు. మడతల్లో కాలి పగుళ్ళలా సన్నని చీలికలు. ఒక చోట నా చెయ్యి దూరేంత చీలిపోయింది.

"ఇంత బరువూ దీని మీదేనా నిలబడింది?" అన్నాను.

"దీని మీద కాదమ్మా. దీంట్లో గాలి మీద."

తెలిసిన విషయమే. మొదటి రోజే మా ఆయన చెప్పారు. అయినా ఆ చచ్చిన రబ్బరును చేత్తో పట్టుకున్నాక నాకు కళ్ళు తిరిగాయి. దాని మీదే కూర్చుని చెరువులకు పోయాం, పెళ్ళిళ్ళకు పోయాం. ఒకసారి నా చీర కుచ్చిళ్ళు తలుపులో పడితే నేనే వంగి చక్రం పక్కన తల పెట్టి లాక్కున్నాను. మేస్త్రి కుర్చీ వేసి సోడా తెప్పించాడు.

స్ప్రింగులు వచ్చాక కబురు చేస్తే మళ్ళీ వెళ్ళాను. ఒక స్ప్రింగును రెండు చేతులతో ఎత్తి చూశాను. బొటనవేలంత లావు ఉక్కు కడ్డీ, చుట్టలు చుట్టి ఉంది. ఎంత నొక్కినా అంగుళం కదల్లేదు. నాకు అది చాలా నచ్చింది. మంచివాడైన మొండిమనిషిలా అనిపించింది.

నాలుగూ బిగించి కారును కిందికి దించారు. ముందు భాగం ఎత్తుగా, వెనక దిగి, కుక్క కూర్చున్నట్టు నిలబడింది.

"రెండు రోజులు తిరిగితే కూర్చుంటుందండి," అన్నాడు మేస్త్రి.

"ఏంటి? మళ్ళీ కూర్చుంటుందా?" నేను వేసిన కేకకు షెడ్డులో పనంతా ఆగిపోయింది.

"అయ్యో, అది కాదండి! సర్దుకుంటుంది. స్ప్రింగు సర్దుకోడాన్ని మేం అలా అంటామండి."

"సర్దుకోవద్దు. ఎక్కడ నిలబడాలో అక్కడే నిలబడాలి."

అతను కొలతలు తీసుకుని గొణుక్కున్నాడు. తీరా చూస్తే ముందుకు వేసినవి ఇంకా బరువైన ఇంజనుకు సరిపోయేవి. పంపినవాళ్ళు పొరపాటున వేరేవి పంపారు. అవి తీసి సరైనవి తెప్పించి వేశాడు. తర్వాత ఇంకో తంటా. కారు కంప్యూటరుకు ఇంకా తన దగ్గర గాలి ఉందనే నమ్మకం. అద్దం ముందు ఎర్రదీపాలు వెలిగించి, బండి ఆపు, ఆపు అని ఒకటే గోల. మేస్త్రి ల్యాప్‌టాప్ తగిలించి మధ్యాహ్నమంతా దానితో కుస్తీపట్టి, చివరికి ఆ గోల మాన్పించాడు. మర్నాడు పొద్దున వెళ్ళి చూస్తే కారు ఎలా వదిలానో అలాగే ఉంది. నాలుగు మూలలా వంగి చూశాను. తల మాత్రం కింద పెట్టలేదు.

దాన్ని తీసుకుని ఇంటికొచ్చాక నర్సమ్మగారి గేటుకు అడ్డం లేకుండా పోర్టికో గోడ కొట్టించి ముందుకు జరిపించాం. ఆవిడకు కృతజ్ఞతలు చెప్పబోతే, "నువ్వు ఆవకాయ జాడీ అక్కడే వదిలేసి పోయావ్. మిగతాది నేనే కలిపి పెట్టాను. ఉప్పు చూసుకో," అన్నారు. మోకాళ్ళ నొప్పుల ఆవిడ ఆ రోజు నుంచి మంచం దిగలేదని ఆవిడే చెప్పారు. వెళ్ళి చూశాను. "నేనా లేపింది? నాకేం గుర్తులేదమ్మా," అంది ఆవిడ. ఆశ్చర్యంగా తన చేతులు తాను చూసుకుంది. పండగ నాటికి లేచి తిరిగింది.

మా ఆయనకు కట్లు విప్పాక డ్రైవరును పెట్టుకుని మొదటిసారి బాపట్ల బయలుదేరాం, మా ఆడపడుచు ఇంటికి. చెరుకుపల్లి దాటాక రోడ్డు బాగాలేదు. ప్రతి గుంతా నడుముకు తెలిసింది. పడవ లేదు, తూగు లేదు. ఒక స్పీడ్ బ్రేకరు దగ్గర ఆయన పక్కలు పట్టుకుని "అబ్బా" అన్నారు. ఇంక నన్ను తిడతారనుకున్నాను.

"నాకు కారు కిందికి అన్నీ వినపడ్డాయి తెలుసా?" అన్నారు.

ఆ రోజు గురించి ఆయన అంతవరకు ఒక్క మాట మాట్లాడలేదు.

"వాళ్ళ చెప్పుల చప్పుడు వినపడింది. పిన్నిగారి గొంతు వినపడింది. వాళ్ళు రాకముందు నువ్వు అరిచింది కూడా."

"ఏమన్నాను?"

"నన్ను పిలవలేదు. కారుతో మాట్లాడావు. 'అమ్మా, తల్లీ, నీకు దండం పెడతా, ఒక్కసారి లే, ఆయన తెలియక దూరారు' అన్నావు. గేదెను బతిమాలినట్టు."

నేను అలా అన్నానా? ఎంత వెతుక్కున్నా నా లోపల ఆ మాటలు దొరకలేదు. ఆయన నా ముఖంలోకి చూసి, నా మణికట్టు పట్టుకున్నారు. ఇంకో గుంత వచ్చింది. ఇద్దరం ఎగిరిపడ్డాం.

బాపట్లలో మా ఆడపడుచు ఎదురొచ్చి, తమ్ముణ్ణి తడిమి చూసుకుని ఏడ్చింది. కారు వంక కోపంగా చూసింది. భోజనాలయ్యాక ఆయన చాప మీద మంచి భుజం వైపు తిరిగి నిద్రపోయారు. నేను పక్కనే కూర్చుని, ఆయన వీపు లేచి దిగడం చూస్తూ చాలాసేపు ఉండిపోయాను.