పదిహేనేళ్ళు దాటిన కొడుకు

ఈ మధ్యాహ్నం ఒంటిగంటా పదికి పక్క క్వార్టరులో ఎవరో బి షిఫ్టుకు బూట్లు పాలిష్ చేసుకుంటున్నారు. ఆ వాసన కిటికీలోంచి వచ్చింది. చదువుతున్న పుస్తకం మూసేశాను. బారిడీహ్‌లోని ఈ కార్ఖానా కాలనీ ఇంట్లో ఏళ్ళ తరబడి అది షిఫ్టుకెళ్ళే బాబాయ్ వాసన.

నాన్న పోయినప్పుడు నాకు ఆరేళ్ళు. మరో రెండేళ్ళకు అమ్మ ఈయన్ని పెళ్ళి చేసుకుంది. బాబాయ్ అనమన్నారు, అన్నాను. నా బడి ఫారాలన్నీ ఆయనే నింపేవాడు. తండ్రి పేరు దగ్గర మా నాన్న పేరు పెద్ద అక్షరాల్లో రాసి, కింద సంరక్షకుడిగా సంతకం చేసేవాడు. నన్ను దత్తత తీసుకోమని అమ్మ ఎన్నిసార్లు అడిగినా ఒప్పుకోలేదు. నాన్నను కన్న మా నానమ్మ శ్రీకాకుళం దగ్గర ఊళ్ళో ఉండేది.

"ముసలమ్మకి మిగిలింది ఆ పేరొక్కటే. ఆవిడ బతికుండగా నానెలా కొట్టేత్తాను? ఉండనీ. ఆడెక్కడికి పోతాడు?" అనేవాడు.

నానమ్మ పోయేసరికి నాకు ఇరవై నాలుగు. ఏడాది తిరిగాక ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్ను స్కూటరెక్కించుకుని వకీలు దగ్గరికి బయల్దేరాడు. "నాకింకే పిల్లలున్నారు? కాగితం మీద కూడా నువ్వే ఉండాల," అన్నాడు దారిలో.

వకీలు నన్ను ఎగాదిగా చూసి, "మీసాలొచ్చిన పిల్లాణ్ణా చాచా?" అని హిందీలో నవ్వాడు. పదిహేనేళ్ళు నిండితే దత్తత కుదరదట, కులంలో అలాంటి ఆచారం ఉంటే తప్ప. ఉందని ఇద్దరు పెద్దలచేత చెప్పిస్తే పనైపోతుందన్నాడు.

బాబాయ్ నావైపు తిరిగాడు. "మనోళ్ళలో లేదు బాబూ. లేంది ఉందని అబద్ధమాడించి నిన్ను తెచ్చుకుంటానేటి?"

బయట టీకొట్టు దగ్గర బాబాయ్ నాకో గ్లాసు అందించాడు. "తప్పు నాదే. ముందే అడగాల్సింది."

"కోయీ బాత్ నహీ, పర్లేదు బాబాయ్," అన్నాను. కాగితం చేతికొచ్చిన రోజున నాన్నా అని పిలుద్దామనుకున్నాను. రాలేదు కనుక పిలవలేదు. ఆయన ముసలమ్మ కోసం ఆగాడు. నేను ఒక కాగితం కోసం ఆగాను.

మొన్న చలికాలంలో ఆయన పోయాడు. సువర్ణరేఖ ఒడ్డున శ్మశానం గుమస్తా మా ఇద్దరి ఆధార్ కార్డులు పక్కపక్కన పెట్టి చూశాడు. నా కార్డులో తండ్రి పేరు ఆయన పేరుతో కలవడం లేదు, ఏమవుతారని అడిగాడు. కొడుకునన్నాను. రాసుకున్నాడు. రుజువేమీ అడగలేదు.

ఇప్పుడు నాన్నా అని పిలుద్దామన్నా, ఈ ఇంట్లో పలికేవాళ్ళు లేరు.